2520 ఒంటరి సంఖ్య కాదు

1 నుంచి 10 వరకు ఏ సంఖ్యతో భాగించినా శేషం మిగలనిది ఒక్క 2520 మాత్రమేననీ, దాన్ని శ్రీనివాస రామానుజన్ కనిపెట్టారనీ, వారంలోని 7 రోజులను నెలలోని 30 రోజులతో, ఏడాదిలోని 12 నెలలతో గుణిస్తే సరిగ్గా అదే వస్తుందనీ ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. లెక్కల మీద ఇష్టంతోనే చాలామంది దాన్ని పంపుతున్నారు. ఆ ఇష్టం నాకూ ఉంది కాబట్టే ఈ తప్పులను చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

‘ఒక్కటే సంఖ్య’ అన్న మాట నిలవదు. 5040ని భాగించి చూడండి, 7560ని చూడండి. 2520 గుణిజాలన్నిటికీ ఆ గుణం ఉంది. కోటి లోపే అలాంటివి 3968 ఉన్నాయి, ఆపైన అంతే లేదు. వాటిలో అన్నిటికన్నా చిన్నది 2520. బడిలో క.సా.గు. అని నేర్చుకున్నది దీన్నే.

దాన్ని ఎవరికి వారే కట్టుకోవచ్చు. 2, 3 కలిస్తే 6. అందులో 4 ఇమడాలంటే ఇంకో 2 కావాలి, 12 అవుతుంది. 5 కోసం 60. 6 అప్పటికే ఉంది. 7 కోసం 420. 8కి మరో 2 కావాలి, 840. 9కి మరో 3 కావాలి, 2520. 10 అడగకుండానే వచ్చి చేరింది. నాకైతే ఈ కట్టుబడే ఏ వింత కన్నా అందంగా కనిపిస్తుంది.

సరి, బేసి సంఖ్యలు రెండూ దాన్ని భాగించడం అరుదని కూడా ఆ సందేశం అంటోంది. 6ను 2 భాగిస్తుంది, 3 భాగిస్తుంది. అరుదేమీ కాదు.

7 × 30 × 12 = 2520 అన్న గుణకారం నిజమే. కానీ రోజులను రోజులతో, ఆపైన నెలలతో గుణిస్తే వచ్చేది దేని లెక్క? దేనిదీ కాదు. పైగా నెలలన్నీ 30 రోజులవి కావు. అయినా లెక్క కుదరడానికి కారణం ఉంది. 30 × 12 అంటే 360. దాన్ని 1 నుంచి 10 వరకు ఒక్క 7 తప్ప అన్నీ భాగిస్తాయి. ఆ లోటును వారం పూడ్చింది, అంతే.

ఇక రామానుజన్ సంగతి. క.సా.గు. కనుక్కునే పద్ధతిని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు ముందే రాశాడు. దాన్ని రామానుజన్‌కు అంటగడితే ఆయన చేసిన అసలు పని మరుగున పడుతుంది. తనకన్నా చిన్న సంఖ్యల్లో దేనికీ లేనన్ని భాజకాలున్న సంఖ్యల మీద ఆయన 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో సుదీర్ఘమైన పత్రం ప్రచురించారు. 48 భాజకాలున్న 2520 అలాంటిదే. అలాంటి సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే, చిన్న ప్రధాన సంఖ్య నుంచి పెద్దదానికి వెళ్లేకొద్దీ ఘాతం, అంటే ఆ ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వస్తుందన్న లెక్క, ఎక్కడా పెరగదని ఆయన నిరూపించారు. 2520లో 2, 3, 5, 7ల ఘాతాలు వరుసగా 3, 2, 1, 1. ఆయన పట్టికలో చివరిది 67,46,32,83,88,800. దానికి 10,080 భాజకాలు! కంప్యూటర్ లేని కాలంలో చేత్తో వేసిన ఆ పట్టికలో 2,93,31,86,25,600 అన్న సంఖ్య జారిపోయింది. చివరి సంఖ్యను 23తో భాగిస్తే వచ్చేది అదే.