కెప్టెన్ జాకెట్టు గారికి, తిరుపతి నుంచి

మహారాజశ్రీ ఏ-2 తోలు జాకెట్టు గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేము క్షేమం కాదు. ఇది మే నెల, ఊరు తిరుపతి, పైగా మీరు నా ఒంటి మీద ఉన్నారు. భుజాల మీద రెండేసి వెండి గీతలతో మీరు కెప్టెన్. నేను అకౌంట్స్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుని. అందుకే మర్యాదగా మీరు అంటున్నాను.

మీ వంశం గొప్పదే, కాదనను. 1931లో అమెరికా సైన్యం తన పైలట్లకు మీ తాతల్ని తొడిగింది. అప్పట్లో ఎక్కువగా గుర్రం తోలు. 1943లో వద్దనుకుని ఆపేసినా, ఒంటి మీద ఉన్నవాళ్ళు విప్పలేదు. రొమ్ము మీద స్క్వాడ్రన్ (విమాన దళం) బిళ్ళ, పేరు అచ్చొత్తిన తోలు పట్టీ, వీపున తమ విమానం పేరు, వెళ్ళొచ్చిన ఒక్కో దాడికి ఒక్కో బాంబు బొమ్మ. ఇంగ్లండు నుంచి ఎగిరిన బాంబర్ల వాళ్ళను మొదట్లో 25 దాడులు పూర్తయితే ఇంటికి పంపేవారట. చాలామందికి ఆ లెక్క నిండనే లేదు.

తమరు మాత్రం మేకతోలు, ఆరు నెలల ఈఎంఐ. మేకవన్నె పులి అని విన్నాను గానీ, పులి బిళ్ళలు కుట్టించుకున్న మేకను మా ఇంట్లోనే చూశాను.

బిళ్ళలు వేరే ప్యాకెట్లో వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేసిన అమెరికా వాళ్ళ డాలు గుర్తును నేనే ఏరి తెప్పించాను. దాని మీద ఒక పక్క చైనా సూర్యుడు, ఇంకో పక్క భారత నక్షత్రం ఉంటాయి కదా, మనకు చుట్టరికం కలుస్తుందని ఆశ. ఆ బిళ్ళ పెట్టుకున్నవాళ్ళు అస్సాం నుంచి హిమాలయాలు దాటి చైనాకు సరుకు మోశారు. ఆ దారిలో వందల విమానాలు కూలాయి. నేను రేణిగుంటలో ఒక్కసారి హైదరాబాదు విమానం ఎక్కాను. కిటికీ సీటు కూడా దొరకలేదు.

లీలామహల్ దగ్గర బండి సీట్లు కుట్టే అన్న మిమ్మల్ని మోకాళ్ళ మీద పరుచుకుని చాలాసేపు నిమిరాడు. "సామీ, గుడ్డయితే కుట్టు విప్పినా పూడతాది. తోలుకు సూది దిగితే దిగినట్టే. బాగా ఆలోచించుకో." నేను ఆలోచించలేదు. ఆయన గుండుసూదులు ముట్టుకోలేదు, వాటికీ బొక్కలు పడతాయట. బిళ్ళను కాగితాల క్లిప్పులతో పట్టించాడు. కుట్లు దూరం దూరంగా వేశాడు. దగ్గరగా వేస్తే తపాలా బిళ్ళ చించినట్టు తోలు అక్కడికక్కడే ఊడొస్తుందట. అంత జాగ్రత్తపరుడూ ఒక్కటి మరిచాడు: స్క్వాడ్రన్ బిళ్ళతో పాటు లోపలి జేబును కూడా కుట్టేశాడు. అందులో నా బస్సు పాసు ఉంది.

మరునాడు టీ కొట్టు దగ్గర ఒక రిటైర్డ్ హవల్దారు గారు మిమ్మల్ని పైనుంచి కిందికి చూశారు.

"ఏ యూనిట్ నాయనా?"

"అకౌంట్స్ సార్."

ఆయన నవ్వలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా మీ రొమ్ము వైపే చూశారు. మన సైన్యం దుస్తులో గుర్తులో మోసం చేయాలని వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168 కింద మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూనట. మీవి అమెరికా బిళ్ళలు, నాది ఫోజు తప్ప మోసం కాదు, కాబట్టి బతికిపోయాను. కానీ ఆ చూపుకు సెక్షన్ లేదు.

మా ఆవిడకు ఇదంతా భలే వినోదం. వీపున బాంబులు వద్దు, మెట్లెక్కి కొండకు పోయిన ప్రతిసారికి ఒక లడ్డు బొమ్మ వేయిద్దామని నేనంటే, "మూడు లడ్లే వేయించండి, నాలుగోసారి గాలిగోపురం నుంచే దిగొచ్చేశారు" అంది. చైనాలో పోరాడిన అమెరికా పైలట్ల జాకెట్లకు, కూలిపోతే ఊరివాళ్ళు కాపాడాలని చైనా భాషలో రాసిన గుడ్డ ఉండేదని చెప్పాను. ఆమె వెంటనే పెన్ను తీసింది: "ఈయన ఎండకు ఎక్కడైనా పడిపోతే మజ్జిగ తాపి ఇంటికి పంపగలరు. బహుమానం ఏమీ లేదు."

పోయిన ఆదివారం స్క్వాడ్రన్ బిళ్ళ విప్పించాను. హవల్దారు గారికి భయపడి కాదు, బస్సు పాసు కోసం. అన్న బ్లేడుతో ఒక్కో దారం తెంపుతుంటే పక్కనే నిలబడ్డాను. బిళ్ళ పోయింది, గుండ్రంగా దాని చుట్టూ బొక్కలు మిగిలాయి, అస్తరులో కూడా. బండి మీద పోతుంటే వాటిలోంచి కాస్త గాలి వస్తోంది. మీరు ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు చేసిన ఉపకారం ఇదొక్కటే.

ఇట్లు,
మీ ఈఎంఐ కడుతున్నవాడు