మహారాజశ్రీ లప్పం గారికి

అనంతపురం నుంచి పాత బండ్ల రంగు గీకేవాళ్లు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. సొట్టలు పూడ్చడానికి బండికి పూసే ముద్ద కదా తమరు, మీ కింద ఉన్న రేకు మాత్రం క్షేమంగా లేదు.

ఎజ్డీ బైకులు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి పాత ఎజ్డీ ట్యాంకు సొట్టబోతే ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి. అలాంటి ట్యాంకుకు పెయింట్ రిమూవర్ పూసి పావుగంట ఆగితే రంగు ముడతలు పడి లేస్తుంది. పైన నలుపు, దాని కింద మెరూన్, అడుగున తమరు. గీకేకొద్దీ వస్తూనే ఉంటారు. ఒక్కోచోట వేలెడు మందం! "రోంత లప్పం ఏస్తే తెలీదులేన్నా" అని ఎవరో ఎప్పుడో అన్న మాట ఇంత లావైందన్నమాట. రిమూవర్ దాకా పోకుండానే మీ ఆచూకీ తెలియాలంటే, ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ట్యాంకు మీద జరిపితే చాలు. పట్టు వదిలేసిన చోటల్లా మీ నివాసమే.

మీ గొప్పతనాన్ని కాదనడం లేదు. రెండు మూడు మిల్లీమీటర్ల లోపు మీరు దేవుళ్లు. అది దాటితే ఇంజిన్ వణుకుకు పగులుతారు, అంచుల దగ్గర రేకును వదిలేస్తారు. సొట్టను ముందు బయటికి లాగించాలి, మిగిలిన గీతలకే మిమ్మల్ని పిలవాలి. లాగడానికి వెల్డింగ్ పెట్టేవాళ్లకు ఇక్కడే ఒక మాట: పెట్రోలు ఒంపేసిన ట్యాంకు ఖాళీ ట్యాంకు కాదు. లోపలి ఆవిరే పేలేది. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

మీకు నీళ్లంటే మహా ప్రీతి. స్పాంజిలా పీల్చుకుని రేకుకు అప్పజెబుతారు. ఆర్నెల్లకు పైన బుడగలు. అందుకే మీ మీద తడి సాండ్‌పేపర్ పనికిరాదు. రేకును 80 నంబర్ సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, దానికి తడి తగలకుండా కాపాడే ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, అది ఆరాక దాన్నీ రుద్ది మిమ్మల్ని పూయాలి. ఆపైన 80, 180, 320 అన్నీ పొడిగానే. తర్వాత సన్నగీతలు పూడ్చే సర్ఫేసర్ పూత. దాని మీద నల్ల స్ప్రే పల్చగా చల్లి, చెక్కముక్కకు చుట్టిన 400 పేపర్‌తో రుద్దితే ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లంలో నిలుస్తుంది. చేత్తో తడిమితే దొరకని గుంత కూడా అక్కడ చుక్కలా కనిపిస్తుంది. ఈ నల్ల చుక్కలంటే మీకెంత భయమో మాకు తెలుసు.

ఇక మీలో కలిసి మిమ్మల్ని గట్టిపరిచే, మీ తోడబుట్టిన హార్డెనర్ గారి సంగతి. వంద గ్రాములకు రెండు గ్రాములు చాలు. మే నెల ఎండలో అదే ఎక్కువ: గరిటె రెండోసారి తిప్పేలోగా రాయైపోతారు. నీడలో, నిమ్మకాయంత ముద్దలుగా కలుపుకోవాలి. "తొందరగా గట్టిపడనీ" అని చలికాలంలో రెండింతలు పిండేవాళ్లకు బహుమతిగా, మిగిలిపోయిన హార్డెనర్ పై రంగులోకి మచ్చై ఎక్కుతుంది.

పై రంగు విషయంలో మీ తప్పు తక్కువ, మా తొందర ఎక్కువ. థిన్నర్ తగిలితే మళ్లీ కరిగే పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు మీదే, హార్డెనర్ కలిపి కొట్టే పీయూ (పాలీయురెథేన్) రంగు కొడితే కిందిది ఉడికి లేస్తుంది. ఎన్‌సీతోనే ముగిస్తే పెట్రోలు పోసేటప్పుడు మూత దగ్గర కారిన నాలుగు చుక్కలకే కరుగుతుంది. మా ఊరి ఆషాఢం గాలికి ఆరుబయట స్ప్రే చేస్తే రంగుకు దుమ్మే పైపూత. గదిలో నేల తడిపి, తెల్లారుజామున, నిదానంగా ఆరే థిన్నర్‌తో కొట్టాలి. మూతికి కట్టుకున్న చేతిరుమాలు మీ దుమ్మునే సరిగా ఆపదు, ఇక పీయూ హార్డెనర్‌లోని, ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్‌ను ఏం ఆపుతుంది? కార్ట్రిడ్జ్ మాస్కు కూడా పూర్తి భరోసా కాదు, గొట్టంతో బయటి మంచి గాలి అందించే మాస్కు ఉండాలి, గదిలోంచి గాలి బయటికి పోయే దారీ ఉండాలి.

ఇట్లు,
మీ రేకు పక్షాన.

తా.క.: ఫ్రేమ్ జోలికి వచ్చినప్పుడు ఛాసిస్ నంబర్ కొట్టినచోట దయచేసి ఆగండి. రంగు మార్పు ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఆ పనికి బండి తీసుకెళ్తే, కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది నంబర్ అచ్చు తీసేవాళ్లకు అంకెలు తగలాలి. అవి గుంతలే కానీ, మీరు నింపాల్సిన గుంతలు కావు.