డబ్బా పండ్లెందుకు, ముంజలు ఉన్నాయిగా

వేసవిలో పదిమందికి పంచే ఫ్రూట్ కాక్‌టెయిల్ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ అందులో మీరు వేయమన్న డబ్బా అనాసపండు, చక్కెర పాకం, సోడా ఎందుకండీ? ఏప్రిల్, మే నెలల్లో మన బజార్లోనే పుచ్చకాయలు, తాటిముంజలు దొరుకుతాయి కదా!

మేం చేసేది ఇలా. 4 కిలోల పుచ్చకాయ పదిమందికి హాయిగా సరిపోతుంది. సగం కాయను గింజలు తీసి మిక్సీలో తిప్పి వడకడతాం, నీళ్లు చుక్క కూడా పోయం. మిగతా సగం చిన్న ముక్కలు.

అసలు రుచి ముంజలదే. వేలితో నొక్కితే మెత్తగా ఉండే లేతవే తీసుకోండి. ముదిరినవి ఎంత చల్లబెట్టినా గట్టిగానే ఉంటాయి. పైపొర వగరుగా ఉంటుంది, ఓపిగ్గా వలిచేయాలి. లోపలి నీళ్లు పారబోయకుండా గిన్నెలోకే పట్టండి, ఆ తియ్యదనం ఉంటే చక్కెర అక్కర్లేదు.

సబ్జా గింజలు 2 చెంచాలు పావుగంట ముందు నానబెడితే చాలు. నల్ల ద్రాక్ష, పుదీనా, చిటికెడు ఉప్పు. నిమ్మరసం మాత్రం ఇచ్చే ముందే పిండాలి. అరటి, బొప్పాయి వద్దు. ఒకటి నల్లబడుతుంది, రెండోది మెత్తబడి రసమంతా చిక్కగా చేస్తుంది.

ఐస్ బయట కొనకండి, పిల్లలు కూడా తాగుతారు, ఏ నీళ్లతో చేశారో మనకు తెలియదు. పుచ్చకాయ రసాన్నే ముందురోజు ట్రేలో గడ్డకట్టించి వేయండి. కరిగినా పలచబడదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు రసం తగ్గించి, సబ్జా ఎక్కువ వేసి ఇవ్వండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టినా ఆరోజే తాగేయాలి.