సవరణ: ‘సైకోనాట్స్’లో సాలెగూళ్ల సంగతి

ఇతరుల మనసుల్లోకి దూరి తిరిగే 2005 నాటి వీడియోగేమ్ సైకోనాట్స్ మళ్లీ ఆడేవారికి ఇచ్చిన సూచనల్లో ‘ప్రతి మనోలోకాన్నీ మొదటిసారే పూర్తిగా ఊడ్చేయండి’ అని ఉంది. అది కుదరదు. ఆ లోకాల్లోని సాలెగూళ్లు తీసే డస్టర్ ధర 800 బాణపు మొనలు (ఆటలో డబ్బు ఇవే), మొదట్లో అంత చేతిలో ఉండదు. ముందు క్యాంపు దుకాణంలో 50 మొనలకు డౌజింగ్ రాడ్ (పాతిపెట్టినవి వెతికే కర్ర) కొనండి, నేల లోతులో ఉన్న మొనలు దానితోనే బయటపడతాయి. డస్టర్ వచ్చాక పాత లోకాలకు తిరిగెళ్లొచ్చు. తెచ్చిన గూళ్లను ఆటలోని గురువు ఫోర్డ్ దగ్గరి మగ్గంలో వేస్తే సై కార్డులవుతాయి. 9 కార్డులకు సై కోర్ అనే వస్తువు ఒకటి కలిపితే ఒక ర్యాంకు పెరుగుతుంది.

ఇదంతా ఆట చివర్లో వచ్చే పిచ్చాసుపత్రి పైఅంతస్తుకు ఎక్కకముందే. తర్వాత వెనక్కి దారి లేదు.

ఆ ఆసుపత్రి కాపలాదారు బాయిడ్ మనసులో మాత్రం లెక్కలు పక్కన పెట్టండి. వీధులు గాల్లో మెలితిరిగే ఆ లోకాన్ని నింపాదిగా చూడాల్సిందే.

ఇంకొకటి: చివరి లోకం మీట్ సర్కస్ తేలికైందన్న మాట 2011 పీసీ అప్‌డేట్‌కే వర్తిస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాన్ల మార్కెట్)లో పాత పీఎస్2 డిస్క్ కొన్నవాళ్లకు పాత కష్టమే.