మంచం కింద కాపురముంటున్న బరువు మిషన్‌కు

హన్మకొండ,
జనవరి 26, 2026

బరువు మిషన్‌కు, ఈ ఇంటి ఇల్లాలు రాయునది.

నువ్వు క్షేమమేనని తెలుసు. నిన్న చీపురు తగిలి బయటికి వచ్చినప్పుడు చూశాను. వీపు నిండా దుమ్ము, పక్కన ఒంటి సాక్సు, నాలుగు పల్లి పొట్టు రేకులు. డైట్‌లో ఉన్న మనిషి పడుకునే మంచం కిందికి పల్లి పొట్టు ఎట్లా వచ్చిందో నువ్వు చెప్పవు, ఆయనా చెప్పడు.

ఇరవై అయిదు రోజుల కింద నీ వైభోగమే వేరు. అటక మీద నుంచి దించి, తడిబట్టతో తుడిచి, కొత్త సెల్ వేసి, హాల్లో టీవీ ముందు పెట్టారు. పసుపు కుంకుమ ఒక్కటే తక్కువ. ఆ పక్కనుంచి నడిచినా 'జర చూసి, మిషన్ ఉన్నది' అనేవాళ్లు. పండుగ దాటేసరికి అదే మనిషి నిన్ను కాలితో మంచం కిందికి నెట్టాడు. చప్పుడు నేను వంటింట్లోంచి విన్నాను.

నిన్ను కొన్నది 2023 డిసెంబరు చివర్లో, ఫోన్‌లో ఏదో ఆఫర్ చూసి. అప్పుడు మా ఆయన తగ్గాలనుకున్నది పది కిలోలు. 2025లో పదిహేను. ఈ ఏడు ఇరవై. మా ఇంట్లో పెరగనిదంటూ లేదు, చివరికి తగ్గాల్సిన బరువు కూడా ఏటా అయిదు కిలోలు పెరుగుతోంది. ఇదే లెక్కన 2030 వచ్చేసరికి ఆయన నలభై కిలోలు తగ్గాలి. మిగిలిన సగం మొగుడితో కాపురం ఎట్లా చేయాలో అప్పుడు ఆలోచిద్దాం.

డిసెంబరు 31 రాత్రి సంగతి నీకు తెలియదు, అప్పటికి నువ్వింకా అటక మీదే ఉన్నావు. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ అయిపోయింది. పన్నెండు కొట్టగానే కేకు కోశారు. మీసానికి క్రీము అట్లా ఉండగానే ఆయన లేచి నిలబడి, 'రేపటి సంది రైస్ బంద్. ఉగాది వరకు అరవై నాలుగుకు వస్త. రాసి పెట్టుకోండ్రి' అన్నాడు. రాసిపెట్టేది ఎవరు? నేనే. పాల లెక్క రాసే క్యాలెండర్‌లో మార్చి 19 గడి వెతికి, ఉగాది పచ్చడి బొమ్మ పక్కన 64 అని రాశాను. మరిది రోజూ పదివేల అడుగులు నడుస్తానన్నాడు. చిన్నబిడ్డ చక్కెర మానేస్తానంది. నా టార్గెట్ ఏందని ఎవరూ అడగలేదు. ఆ గడియన నా టార్గెట్ బిర్యానీ గిన్నెలు తోమి ఒంటిగంటకల్లా పడుకోవడం. అది మాత్రం ఒంటిగంటన్నరకు సాధించాను.

మా చిన్నబిడ్డ ఇంటర్, బైపీసీ. ఎవరి సంతోషాన్నీ ఎక్కువసేపు ఉండనివ్వదు. పొద్దున్నే కాగితం పెన్ను తీసింది. 'కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 క్యాలరీలు ఖర్చు కావాలె. ఇరవై కిలోలకు లక్షా యాభై నాలుగు వేలు. ఉగాదికి 77 రోజులున్నయ్. అంటే రోజుకు సరిగ్గా 2000 తక్కువ తినాలె డాడీ.' తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కుర్చీలో కూర్చుని పనిచేసే మగమనిషికి రోజుకు 2110 క్యాలరీలు కావాలట. 'పోతే నీకు 110 మిగుల్తయ్.' నూట పదికి ఏమొస్తదని ఆయన ఆశగా అడిగాడు. 'ఒకటిన్నర సకినం' అన్నది. నడిస్తే ఇంకోటి వస్తదా అని అడిగాడు. బేరం అక్కడితో ఆగింది.

ఇందులో నీ తప్పేమీ లేదని నాకు తెలుసు. డిసెంబరులో షుగర్ బార్డర్‌లో ఉందని చూపించుకోవడానికి పోతే డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. ఆరు నెలల్లో ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగరుకు, బీపీకి చాలా మేలు అని. నీ ఊసే ఎత్తలేదు ఆమె. టైలర్ టేపు లాంటి టేపు తీసి నడుము కొలిచింది. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటొద్దట, ఈయనది 104. అయిదు శాతమంటే నాలుగు కిలోల చిల్లర. కానీ నాలుగు కిలోలంటే ఈయనకు నామోషీ. ఆఫీసులో ఒకాయన పన్నెండు అన్నాడట, ఇంకొకాయన పద్దెనిమిది. నలుగురూ కూర్చున్న చోట నాలుగు అని నోరు తెరిచి ఎట్లా చెప్తాడు? నన్నడిగితే ఆయన ఇరవై అన్నది తగ్గడానికి కాదు, చెప్పుకోవడానికి. చెప్పుకోవడం ఒకటో తారీఖునే అయిపోయింది కాబట్టి రెండో తారీఖు నుంచి ఆయనకు పనేమీ మిగల్లేదు.

అయినా మొదటి వారం నీకు జరిగిన సేవ తలుచుకుంటే నవ్వొస్తుంది. పొద్దున్న బాత్రూం నుంచి వచ్చాక, చాయ్ నీళ్లు కూడా ముట్టకముందు, టవలుతో వచ్చి నిలబడేవాడు. ముందు వాచీ తీశాడు. తర్వాత కళ్లద్దాలు. కళ్లద్దాలు తీస్తే నీ అంకె కనిపించదు కాబట్టి చదవడానికి నన్ను పిలిచేవాడు. అట్ల పెనం మీద వదిలేసి నేను ఉరకాలి. మూడో రోజు మొలతాడు బరువెంతుంటుందని అడిగాడు. వెండిది, మా నాన్న పెట్టింది, జాగ్రత్తని చెప్పాను. హాల్లో 84.2 చూపిస్తే నిన్ను ఎత్తుకుపోయి వంటింటి బండల మీద పెట్టాడు, 83.6 వచ్చింది. ఆ రోజు నుంచి వంటింటి బండలే సరైనవని తేలిపోయింది. నీ నాలుగు కాళ్ల కింద నాలుగు సెన్సార్లుంటాయి, నేల ఎగుడుదిగుడుగా ఉంటే అంకె తప్పుతుందని బిడ్డ చెప్తే, 'వంకర హాల్లోనే ఉన్నది' అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పింది అది. 2019 మే 20న కిలో నిర్వచనమే మార్చేశారట, పారిస్ దగ్గర దాచిన లోహపు దిమ్మెను పక్కనపెట్టి. ఈయన చాలా శ్రద్ధగా విన్నాడు. విని, 'మరి నాకేమన్న తగ్గిందా?' అన్నాడు.

ఆయన రైస్ బంద్ అంటే నాకు బంద్ అయింది నిద్ర అని నీకెవరూ చెప్పి ఉండరు. పొద్దున రాగిజావ ఆయనకు, నోట్లో పన్ను లేని అత్తమ్మకు మెత్తటి అన్నం, బిడ్డకు చక్కెర లేని పాలు. అవి తాగలేక అందులో ఖర్జూరం వేయమంటుంది, అది చక్కెర కాదట. రాత్రికి జొన్న రొట్టె. రోడ్డు పక్క రొట్టెలు చేసే అక్క దగ్గర తెస్తానని మొదట్లో బాగానే అన్నాడు, మంచు పడుతోందని తర్వాత మానేశాడు. చెయ్యి వేడి నీళ్లలో ముంచుకుంటూ రొట్టె కొట్టేది నేను, డైట్ చేసేది ఆయన. రొట్టెలైతే లెక్కే లేదని ఎవరు చెప్పారో కానీ, తలకాయ కూరతో అయిదు తిన్నాడు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు వాకింగ్ పోయిన పది రోజులూ వచ్చేటప్పుడు చేతిలో బోండా పొట్లం ఉంది. అది మా కోసమేనట.

ఎనిమిదో తారీఖున నువ్వు ఒక ఘోరం చేశావు. 81.9 చూపించావు. వారంలో రెండు కిలోలకు పైగా! ఇంట్లో ఆ రోజు వాతావరణమే మారిపోయింది. వాళ్ల అక్కకు ఫోన్, ఆఫీసు గ్రూపులో నీ ఫోటో. బిడ్డ మెల్లగా చెప్పింది, అన్నం తగ్గించిన మొదటి వారం పోయేది చాలావరకు నీళ్లేనని, ఒంట్లో దాచిన పిండిపదార్థం ఒక్కో గ్రాము తన వెంట మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుని ఉంటుందని. ఎవరు వింటారు? ఆ సంతోషానికి సాయంత్రం మిర్చి బజ్జీ వచ్చింది. నీళ్లు నీళ్ల దారిన వెనక్కి వచ్చాయి.

అప్పటికే సకినాలు మొదలైనయి. నువ్వు వంటింట్లోనే ఉన్నావు కాబట్టి చూసే ఉంటావు. తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు. నేల మీద పరిచిన తెల్ల పంచె. ఎదురింటి అక్క, పక్కింటి వదిన, నేను. ఇయ్యాల మా ఇంట్లో, రేపు వాళ్లింట్లో. వేళ్ల మధ్య పిండిని పురి తిప్పుతూ ఒక్కో సకినం మూడు చుట్లు, నాలుగు చుట్లు. గంటసేపు కూర్చుంటే మోకాళ్లు లేవవు. ఇంకోపక్క మూకుడులో నూనె కాగుతుంటుంది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉప్పు చూస్తానన్నాడు. మూడు వాయలకు మూడుసార్లు ఉప్పు చూశాడు. ప్రతిసారీ ఉప్పు సరిపోయింది.

మా అత్తమ్మది మాత్రం ఇంకో లెక్క. మొన్న ఆగస్టులో కొడుక్కు డెంగీ వచ్చి ఆరు రోజులు హాస్పిటల్లో ఉంటే సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం మొక్కింది. మేడారంలో బెల్లమే బంగారం కదా. ఈ జనవరిలో తీర్చాలి. కొడుకు డైట్ సంగతి తెలిసిన నాడు ఆమె పేపర్ చదువుతున్న కొడుకు ముందుకు వచ్చి కూర్చుంది. 'అరేయ్, తల్లితోనే లెక్కలా? మొక్కిననాడు ఎంతున్నవో అంత ఇయ్యాలె. బరువు తగ్గి బెల్లం తగ్గిస్తవా?' ఆయన చేతిలోని రాగిజావ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ విధంగా మా ఇంట్లో రెండు లక్ష్యాలైనయి. క్యాలెండర్‌లో 64, అత్తమ్మ మనసులో 84. నెరవేరింది అత్తమ్మదే.

జాతర ఈ 28 నుంచి, కానీ రద్దీ అని మేము 18న ఆదివారమే పోయి వచ్చాం. ముందురోజు వరంగల్‌లో బెల్లం దుకాణంలో తూకం. గుడుంబాకు పోకుండా చూసుకోవాలని ఆధార్ జిరాక్స్ అడిగారు, ఇచ్చాం. అక్కడి కాటా ముందు నిన్ను తలుచుకున్నాను. ఆ వరుసలో ఎవరి మొహంలోనూ సిగ్గు లేదు. పొట్ట ఉన్న ఒకాయన కాటా ఎక్కితే వెనకున్న ముసలమ్మ 'మంచిగ నిండుగున్నడు' అన్నది. మా ముందు ఒక సన్నటి పిల్లగాడు ఎక్కితే వాళ్లమ్మ మొహం చిన్నబుచ్చుకుని, 'ఇంకో రెండు కిలోలెయ్యి అన్నా, పిలగాడు బక్కగున్నడు' అని బతిమాలింది. ఈయన వంతు వచ్చింది. 85.6. చెప్పులు, ఫోన్, పర్సు తీస్తానన్నాడు. 'ఉండనీ' అన్నది అత్తమ్మ. కొసరు కలిపి 86 కిలోలు, బిల్లు అయిదు వేలు దాటింది. ఏడాది పొడుగునా దాచుకున్న పొట్టకు రూపాయల్లో రసీదు రావడం ఆయనకు అదే మొదటిసారి. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టేదాకా కారులో మాట్లాడలేదు.

జంపన్నవాగు, గద్దెలు, చెట్ల కింద కోడి కూర. అవన్నీ ఇప్పుడెందుకులే. వచ్చాక ఇంటింటికీ బంగారం పంచాం, వాళ్లూ మాకు పంచారు. ప్రసాదం వద్దనకూడదు. మా ఆయన ఒక్కరిని కూడా వద్దనలేదు.

ఇప్పుడు నీకు అసలు ఎందుకు రాస్తున్నానో చెప్తాను. మా పెద్దబిడ్డ అమెరికాలో ఉంటుంది. సకినాలు, గరిజెలు, ఇంత బంగారం పంపమని ఫోన్ చేసింది. కొరియర్‌కు కిలోల లెక్కన పైసలు. మొన్న శనివారం డబ్బా కట్టి నీ మీద పెట్టాను. నువ్వు సున్నా దగ్గరే ఉన్నావు. మనిషి కాలు పడితే గానీ నీకు మెలకువ రాదు. అప్పుడు డబ్బా చంకన పెట్టుకుని నేనే ఎక్కాను. 71.4. డబ్బా కింద పెట్టి మళ్లీ ఎక్కాను. తీసివేయాలి కదా. 66.9.

రెండేళ్లుగా ఇంట్లో ఉన్నావు, రోజూ నీ అంకె చదివి చెప్పింది నేనే, నీ మీద నిలబడటం అదే మొదటిసారి. అదీ డబ్బా లెక్కలోంచి నన్ను తీసేయడానికి. 'ఎంతొచ్చిందే?' అని ఆయన హాల్లోంచి అడిగాడు. నాలుగున్నర అని చెప్పాను.

మొన్నటి నుంచి ఆ 66.9 నా వెంటే తిరుగుతోంది. పాల లెక్క రాయడానికి పోతే క్యాలెండర్ కనిపించింది. పేజీలు తిప్పి మార్చి 19 చూశాను. ఉగాది పచ్చడి పక్కన 64 అని నా రాతే ఉంది. ఎవరిదని రాయలేదు.

నీకు కొత్త సెల్ తెప్పించాను. రేపటి నుంచి నాలుగున్నరకు వస్తాను, ఎవరూ లేవకముందు. వంటింటి బండల మీద కాదు, హాల్లో. చప్పుడు చేయకు.

ఇట్లు,
నీ అంకెలు చదివే మనిషి