ఆ సాటా అడాప్టర్ చిట్కాని దయచేసి ఇంకెవరికీ పంపకండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. "పాత కంప్యూటర్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టాక డిస్‌ప్లే రావట్లేదా? ఈ ఆరు చిట్కాలు చాలు, మెకానిక్‌తో పనిలేదు" అని మొదలయ్యే మెసేజ్. పంపినవాళ్ళంతా స్నేహితులే, మంచి అనుకునే పంపారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి, అందరికీ కలిపి రాస్తున్నా.

మొదటి చిట్కా: "బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 స్లాట్ ఉంటే 4.0 కార్డు పనిచేయదు, బోర్డు మార్చాల్సిందే." తప్పు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటే బోర్డు మీద కార్డు కూర్చునే స్లాట్ రకం; 3.0, 4.0 దాని తరాలు. 4.0 కార్డు 3.0 స్లాట్లో 3.0 వేగంతో నడుస్తుంది. చూసుకోవాల్సింది కార్డు ఎన్ని లేన్లు, అంటే డేటా వెళ్ళే దారులు, వాడుకుంటుందన్నది. 16 లేన్ల కార్డుకి 3.0 స్లాట్లో సెకనుకు దాదాపు 16 గిగాబైట్లు వెళ్ళే దారి ఉంటుంది, అది చాలు. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే కార్డు కూడా అదే పొడవాటి స్లాట్లో కూర్చుంటుంది గానీ వాడుకునేది 4 లేన్లే. అంటే 3.0 బోర్డులో దానికి దక్కేది 4 గిగాబైట్లు. 4 జీబీ మోడల్లో ఆటకి కావాల్సింది కార్డు మెమరీని దాటిందంటే, మిగతాదంతా ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలోనే రావాలి. అక్కడ ఆట తడబడుతుంది. పాత బోర్డు ఉన్నవాళ్ళకి కొనేముందే తెలియాల్సిన సంగతి ఇది. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

రెండోది: "ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని ఉంటే ఏ మామూలు కార్డైనా నడుస్తుంది." ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె. దాని మీది ఆ పెద్ద అంకె వదిలేసి, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే, ఆ లైన్ ఇవ్వగలిగింది 216 వాట్లే. ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ ప్రధానంగా తినేది ఆ 12 వోల్టుల మీదే. అందుకే విండోస్ మామూలుగా వచ్చి, ఆట మొదలెట్టిన రెండు నిమిషాలకి మిషన్ టప్పున ఆగిపోతుంది. అందరూ కార్డుని తిడతారు.

ఇక మూడోది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. "కార్డుకి 8 పిన్ల కరెంటు కావాలి, ఎస్‌ఎంపీఎస్‌లో ఆ వైరు లేదు అంటే భయపడకండి. హార్డ్ డిస్కుకి వచ్చే సాటా వైరుకి చిన్న అడాప్టర్ తగిలిస్తే చాలు."

లెక్క చూద్దాం. సాటా పవర్ కనెక్టర్లో 12 వోల్టుల పిన్నులు మూడు. ఒక్కోటి మోయగలిగింది ఒకటిన్నర ఆంపియరు. మూడూ కలిపి నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. కార్డు మీది 8 పిన్ల సాకెట్టు తీసుకునే హక్కున్నది 150 వాట్లు. దాదాపు మూడింతలు! 6 పిన్లదైనా 75 వాట్లు, అదీ పరిమితి దాటినట్టే. "రెండు సాటాలు కలిపే అడాప్టర్ ఉందిగా" అంటారా? రెండూ కలిపినా 108 వాట్లే. పైగా చాలాసార్లు ఆ రెండు కనెక్టర్లూ ఒకే వైరు మీద ఉంటాయి, కాబట్టి బరువంతా మళ్ళీ ఆ ఒక్క వైరు మీదే.

కార్డుకి ఈ సంగతి తెలియదు. సాకెట్టులో ప్లగ్గు కనబడింది కాబట్టి అడిగినంతా వస్తుందనుకుని లాగుతుంది. ఆ సాటా పిన్నులు వేడెక్కుతాయి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది, తర్వాత కరుగుతుంది. ఒక స్నేహితుడి మిషన్లో అలా అతుక్కుపోయిన కనెక్టర్ని నేనే కోసి తీశాను. నెలన్నర బాగానే నడిచిందట. ఇందులో ప్రమాదం అదే: మొదటిరోజు పనిచేస్తుంది. పనిచేసింది కాబట్టి ఇంకో పదిమందికి చిట్కా వెళ్తుంది. రాసినవాళ్ళని ఒక్కటే అడుగుతున్నా: పిల్లవాడు ఆట ఆన్ చేసి పెట్టి పక్కగదిలోకి వెళ్ళినప్పుడు ఆ క్యాబినెట్‌కి కాపలా మీరుంటారా?

అదే చిట్కాలో ఇంకో వాక్యం: "ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్ల వైరు మిగిలుంటే అదైనా పెట్టొచ్చు, రెండూ 8 పిన్లే." వద్దు! రెండింటిలో 12 వోల్టులు, గ్రౌండు తలకిందులుగా ఉంటాయి. ప్లగ్గు ఎక్కకపోవడం తయారీ లోపం కాదు, మిమ్మల్ని ఆపడానికే ఆ ఆకారం. బలవంతంగా నొక్కితే షార్ట్ అవుతుంది.

సరైన వైరు లేని ఎస్‌ఎంపీఎస్ ఆ కార్డు కోసం చేసింది కాదు. దాన్ని మార్చండి. లేదంటే జీటీఎక్స్ 1650లో విడి వైరు అక్కర్లేని రకం, ఆర్ఎక్స్ 6400 లాంటి వాటిలో ఒకటి కొనండి. స్లాటు ఇచ్చే 75 వాట్లలోనే అవి నడుస్తాయి.

"సేఫ్ మోడ్లో పాత డ్రైవర్లు తీసేయండి": మంచి పనే, కానీ ఈ జబ్బుకి మందు కాదు. డ్రైవర్ అంటే విండోస్ కార్డుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్. ఆన్ చేయగానే కంపెనీ లోగో కూడా రావట్లేదంటే డ్రైవర్ దాకా మిషన్ ఇంకా వెళ్ళనేలేదు.

"కార్డు అంచుని ఎరేజర్‌తో రుద్దండి": కొత్త కార్డుకి ఎందుకు? తీసి, గట్టిగా మళ్ళీ కూర్చోబెట్టండి.

ఆఖరిది, "బయోస్ అప్‌డేట్ చేయండి". బయోస్ అంటే ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందు, బోర్డులో నడిచే ప్రోగ్రాము. ఈ చిట్కాని నేను చాలాకాలం కొట్టిపారేశాను. ఒకరికైతే "కార్డే పోయింది, వెనక్కిచ్చెయ్" అని కూడా చెప్పాను. ఆయన మార్చుకుని తెచ్చిన రెండో కార్డుకీ డిస్‌ప్లే రాలేదు. పాత కార్డు తిరిగి పెట్టి, బయోస్ అప్‌డేట్ చేసి చూస్తే వచ్చింది. పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి అప్పుడప్పుడే వస్తున్న కాలంనాటి బోర్డులు కొన్ని, కొత్త కార్డులోని ఫర్మ్‌వేర్‌ని (కార్డులోనే ఉండే ప్రోగ్రాముని) సరిగా గుర్తుపట్టవు. కాబట్టి ఈ ఒక్కదానిలో మెసేజే కరెక్టు, నేను చెప్పింది తప్పు. ఆయనకి క్షమాపణ కూడా చెప్పాను. అయితే అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు, యూపీఎస్ మీద పెట్టి చేయండి.

ఎవరైనా ఆ సాటా అడాప్టర్ ఇప్పటికే తగిలించి ఉంటే, ఇవాళే మిషన్ ఆపి, ప్లగ్గు పీకి, దాన్ని బయటికి తీయండి. పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా, ప్లగ్గు రావడానికి మొరాయించినా, ఆ వైరుని మళ్ళీ హార్డ్ డిస్కుకి కూడా వాడకండి.