హంబోల్ట్ పేరు, సర్కారు పతకం

(సోషలిస్టు ఉన్నత విద్యకు సేవ చేసినవారికి తూర్పు జర్మనీ సర్కారు హంబోల్ట్ పతకం ఇచ్చేది. దాని మీద ఓ రిటైర్డ్ లెక్చరర్‌కూ, బెర్లిన్‌లో చదువుతున్న ఆయన శిష్యురాలికీ పడిన వాదం.)

మాస్టారు: పాఠం చెప్పినవాణ్ణి సర్కారు గుర్తుపెట్టుకుంది. తప్పేంటమ్మా?

శిష్యురాలు: ఎవరి పేరుతో ఇచ్చారో చూడండి మాస్టారూ. రెండొందల ఏళ్ల కిందటే, చదువులో సర్కారు వేలు పెట్టకూడదన్న జర్మన్ మేధావి విల్హెల్మ్ హంబోల్ట్. వీళ్లేమో 1951 నుంచి, చదివేది కెమిస్ట్రీ అయినా సరే, మార్క్సిజం-లెనినిజం తప్పనిసరి చేశారు.

మాస్టారు: ఆ హంబోల్ట్ మాత్రం? అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా సర్కారులో విద్యాశాఖ చూసిన అధికారే. 1810లో బెర్లిన్‌లో తెరిచిన యూనివర్సిటీ, అదే ఇప్పటి హంబోల్ట్ యూనివర్సిటీ, రాజుగారి సొమ్ముతోనేగా!

శిష్యురాలు: ఏటా చెయ్యి చాచక్కర్లేకుండా యూనివర్సిటీకి భూములు రాసిమ్మన్నాడు.

మాస్టారు: ఇచ్చారా? లేదుగా! సరే, 1908 దాకా ప్రష్యా యూనివర్సిటీల్లో ఆడపిల్లల్ని విద్యార్థులుగా చేర్చుకోనేలేదు. నువ్వయితే గేటు బయటే. వీళ్లు 1949లో కార్మిక-కర్షక ఫ్యాకల్టీలు పెట్టి, బడి మానేసి ఫ్యాక్టరీకెళ్లిన కుర్రాళ్లను స్టైపెండిచ్చి మరీ చదివించారు. ఆ పని చేసినవాడి కోటుకు పతకం పెడితే నీకేం నొప్పి?

శిష్యురాలు: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ పాస్టర్ల పిల్లలకు సీటివ్వడానికి ఎన్ని కొర్రీలు పెట్టారు?

మాస్టారు: తర్వాత జర్మనీ ఛాన్సలరైన మెర్కెల్ పాస్టర్ కూతురే. లైప్‌జిగ్‌లో ఫిజిక్స్ చదవలేదూ?

శిష్యురాలు: ఒక్కరు దూరితే గేటు తెరిచినట్టేనా? మెర్కెల్‌ను వదిలేయండి, హావెమన్ సంగతి చూద్దాం. హిట్లర్ కోర్టు 1943లో ఉరిశిక్ష వేసిన కమ్యూనిస్టు. బతికి బయటపడి, హంబోల్ట్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరయ్యాడు. 1959లో నేషనల్ ప్రైజూ ఇచ్చారు. ఆ యూనివర్సిటీ భవనంలో అడుగుపెడితే ఎదురుగా ఎర్ర పాలరాతి మీద బంగారు అక్షరాల్లో మార్క్స్ మాట కనిపిస్తుంది: తత్వవేత్తలు లోకాన్ని రకరకాలుగా వ్యాఖ్యానించారంతే, కావలసింది దాన్ని మార్చడం. ఇప్పటికీ ఉంది. హావెమన్ ఆ మాటే నమ్మి, పార్టీ పిడివాదాన్ని ప్రశ్నిస్తూ లెక్చర్లిచ్చాడు. హాలు నిండిపోయేది. 1964లో ఉద్యోగం పీకేశారు, 1976లో గృహనిర్బంధం.

మాస్టారు: అయితే పతకం పుచ్చుకున్నవాళ్లంతా భజనపరులంటావా?

శిష్యురాలు: అననండీ. ఒళ్లొంచి పాఠం చెప్పినవాళ్లు బోలెడంతమంది. కానీ ఎవరు గొప్ప టీచరో తేల్చిందీ, హావెమన్‌ను ఇంటికి పంపిందీ ఒకే సర్కారు. ఆ సర్కారు సర్టిఫికెట్‌ను నేనెలా నమ్మను?

మాస్టారు: నమ్మకు. ఆ కార్మికుల పిల్లల్ని అడుగు, వాళ్లు నమ్ముతారు.